మేనరికాల సీమలో వంశపు జబ్బు

క్యాన్సర్లలో నూటికి ఐదు నుంచి పది మాత్రమే తల్లి నుంచో తండ్రి నుంచో సంక్రమించిన జన్యులోపం వల్ల వస్తాయి. మిగిలినవాటికి వయసు, పొగాకు, కొన్ని వైరస్‌లు, కణాలు విభజన చెందేటప్పుడు జరిగే పొరపాట్లు కారణం. ఈ లెక్క వైద్యశాస్త్రంలో స్థిరపడింది 20వ శతాబ్దపు చివరి సంవత్సరాల్లోనే. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతంలో మాత్రం "ఆ వంశంలో రాచపుండు ఉందట" అన్న మాట అంతకు చాలా ముందు నుంచే పెళ్ళిసంబంధాల దగ్గర వినబడేది. ఆ అనుమానంలో కొంత నిజం ఉంది, అంతకన్నా ఎక్కువ అన్యాయం ఉంది. ఏది ఎంతో తేల్చిన శాస్త్ర చరిత్రలో తెలుగునేలకు చిన్నది కాని పాత్ర ఉంది. ఆ పాత్ర క్యాన్సర్ వార్డులో మొదలు కాలేదు, మేనరికంతో మొదలైంది.

ఈ మూడు ఊళ్ళూ పాత వెలనాడులోవి. 12వ శతాబ్దంలో వెలనాటి చోడులు రాజధాని చేసుకున్న చందవోలు రేపల్లె, బాపట్లల నడుమనే ఉంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువల నీళ్ళు వచ్చాక ఇక్కడి మెట్ట మాగాణి అయింది, భూమి ధర పెరిగింది. ఆడపిల్లకు పసుపుకుంకుమల కింద ఇచ్చే ఎకరాలు పరాయి వాళ్ళ పాలు కాకుండా ఉండాలంటే అక్క కూతుర్నో, మేనమామ కూతుర్నో, మేనత్త కూతుర్నో చేసుకోవడం తేలికైన దారి. కుండమార్పిడి సంబంధాలూ ఉండేవి: వాళ్ళ పిల్లను మనం తెచ్చుకుని, మన పిల్లను వాళ్ళకివ్వడం. 1916లో తెనాలి నుంచి రేపల్లెకు రైలు వచ్చినా సంబంధాల వ్యాసార్థం అంతగా పెరగలేదు. ఇచ్చిపుచ్చుకోవడాలు నాలుగైదు ఊళ్ళ మధ్య, రెండు మూడు ఇంటిపేర్ల మధ్యే తరాల తరబడి తిరిగాయి.

భూమి ఈ ఆచారాన్ని బలపరిచింది, పుట్టించలేదు. దక్షిణాది వారు మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని పెళ్ళాడతారని బౌధాయన ధర్మసూత్రం ప్రాంతీయాచారాల జాబితాలో చెబుతుంది. క్రీ.శ. 3వ శతాబ్దంలో విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు తన మేనత్తల కూతుళ్ళను చేసుకున్నాడు. ఆ మేనత్తలలో ఒకరైన చాంతిసిరి నాగార్జునకొండ శాసనాల్లో ఆయన్ను అల్లుడిగా పేర్కొంది. రాళ్ళకెక్కిన మేనరికాలకు ఇంతకన్నా పాత సాక్ష్యం తెలుగువారికి అక్కర్లేదు. 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళను నిషేధించినా, ఆచారం అనుమతిస్తే చెల్లుతుందని మినహాయింపు పెట్టింది. 1992–93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడో వంతు పెళ్ళిళ్ళు రక్తసంబంధంలోనే జరిగాయి. తర్వాతి మూడు దశాబ్దాల్లో ఆ వాటా తగ్గింది గాని, నాలుగో వంతు దగ్గరే ఆగింది.

జబ్బు వంశంలో నడుస్తుందన్న ఊహ అన్ని దేశాల్లోనూ ఉంది. దాన్ని కాగితం మీద పెట్టిన తొలి వైద్యుల్లో పారిస్ శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా ఒకడు. తన భార్య పుట్టింటి నాలుగు తరాల స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలను లెక్కగట్టి 1866లో ప్రచురించాడు. అమెరికాలో మిషిగన్‌కు చెందిన ఆల్డ్రెడ్ వార్తిన్ 1895లో ఒక కుట్టుపని చేసే స్త్రీ నోట తమ ఇంట్లో అందరూ కడుపు, పేగు, గర్భసంచి క్యాన్సర్లతోనే పోతారన్న మాట విన్నాడు. ఆమె చెప్పినట్టే తానూ గర్భసంచి క్యాన్సర్‌తోనే పోయింది. ఆ కుటుంబ చరిత్రను వార్తిన్ 1913లో అచ్చు వేశాడు. ఆ రోజుల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అదే 1913 ప్రాంతంలో బాపట్ల పక్కన వంశపారంపర్య సిద్ధాంతం వేరే పనికి ఉపయోగపడుతోంది. నేరగాళ్ళ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఒకచోట చేర్చి, సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు కట్టారు. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. నేరం రక్తంలోనే ఉంటుందని ఆ చట్టం నమ్మకం. దేశమంతటా ఆ ముద్రను అధికారికంగా చెరిపేసింది 1952లో. క్యాన్సర్‌కీ దీనికీ శాస్త్రపరమైన సంబంధం ఏమీ లేదు. కాని "రక్తంలో ఉంది" అన్న మాటకు ఈ ప్రాంతంలో ఎందుకంత మచ్చ అంటుకుని ఉందో అర్థం కావాలంటే ఈ సంగతి తెలియాలి. వంశం పేరుతో మనుషుల్ని వేరుచేసిన అనుభవం ఇక్కడ పుస్తకాల్లో చదివినది కాదు.

ఆంధ్రలో క్యాన్సర్ మీద జరిగిన తొలి గట్టి పరిశీలనల్లో ఒకటి వంశాన్ని వదిలి అలవాటు వైపు తిరిగింది. విశాఖపట్నం, శ్రీకాకుళం తీరంలో స్త్రీలు చుట్టను నిప్పు నోట్లో ఉండేలా తిప్పి కాలుస్తారు. దీన్ని అడ్డపొగ అంటారు. అక్కడ అంగిలి క్యాన్సర్ అసాధారణంగా ఎక్కువ ఉండటానికి ఈ అలవాటే కారణమని 1945లో బొంబాయి పాథాలజిస్టు వి.ఆర్. ఖనోల్కర్, సూర్యాబాయి వివరించారు. అమ్మకూ కూతురికీ ఒకే చోట పుండు వస్తే అది వంశం వల్లేనని చెప్పడం ఎంత తేలికో, ఎంత తప్పు కావచ్చో ఆ పరిశోధన చూపింది. అమ్మ నుంచి కూతురు నేర్చుకున్నది చుట్ట కాల్చడం. వంశపు జబ్బును అలవాటు జబ్బు నుంచి విడదీయడం ఇప్పటికీ కుటుంబ చరిత్ర రాసే వైద్యుడికి మొదటి పరీక్ష.

చికిత్స సంగతి చెప్పాలంటే, 1946లో గుంటూరు మెడికల్ కాలేజీ వచ్చినా చాలాకాలం డెల్టా రోగికి పెద్ద దిక్కు మద్రాసే. అక్కడి అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలైంది. దాన్ని స్థాపించిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డిని ఆ పనికి పూనుకునేలా చేసింది చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోవడం. హైదరాబాదులో ఎంఎన్‌జే ఆసుపత్రి 1955లో వచ్చింది. "కరెంటు పెట్టించుకోవడానికి", అంటే రేడియేషన్ చికిత్సకు, వెళ్ళడమంటే నెలల తరబడి ఊరు విడిచి ఉండటం. కేసుషీట్లలో పేరు, వయసు, ఊరు, జబ్బు రాసేవారు. తోబుట్టువుల సంగతి రాసే గడి ఉన్నా అది సాధారణంగా ఖాళీగానే ఉండేది.

ఆ ఖాళీ గడి నింపే శాస్త్రాన్ని తెలుగునేలకు తెచ్చినవాడు బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. 1937లో జూలియా బెల్‌తో కలిసి ఆయన హీమోఫీలియా, వర్ణాంధత్వం జన్యువులు ఒకే క్రోమోజోము మీద ఎంత దగ్గరగా ఉన్నాయో వంశవృక్షాల నుంచి లెక్కగట్టాడు. 1957లో ఆయన భారతదేశానికి వచ్చి స్థిరపడ్డాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన దగ్గర శిష్యరికం చేశాడు. మానవ జన్యుశాస్త్రం కోసం ఖరీదైన పరికరాలు అక్కర్లేదని, మేనరికాలు ఇంత విరివిగా ఉన్న చోట కుటుంబాలను అడిగి తెలుసుకోవడమే పెద్ద ప్రయోగమని హాల్డేన్ అభిప్రాయం. ద్రోణంరాజు, పి. మీరాఖాన్ కలిసి ఆంధ్రలో రక్తసంబంధ వివాహాల లెక్కలు సేకరించారు. ఆ పరిశోధనా వ్యాసాలు 1960 నుంచి వెలువడ్డాయి. హాల్డేన్ 1964లో పెద్దపేగు చివరి భాగపు క్యాన్సర్‌తో భువనేశ్వర్‌లో మరణించాడు. పోయే ముందు తన జబ్బు మీద ఒక హాస్య కవిత రాసి ఇంగ్లండులో అచ్చు వేయించాడు. రక్తం కారితే సిగ్గుపడకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండన్నది దాని సారం.

బొంబాయి క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఎల్.డి. సంఘ్వీ కూడా 1966లో ఆంధ్ర పల్లెల మేనరికాల మీద రాశాడు. వందల ఏళ్ళుగా దగ్గరి పెళ్ళిళ్ళు జరిగిన జనాభాలో చెడ్డ జన్యువులు కాలక్రమంలో ఏరివేతకు గురై ఉంటాయన్న వాదన ఆయనది. ఆ వాదనకు పరిమితి ఉంది. పిల్లలు కన్న తర్వాత నలభై, యాభై ఏళ్ళలో బయటపడే జబ్బుకు ఆ ఏరివేత దాదాపు పనిచేయదు. రొమ్ము, అండాశయ, పెద్దపేగు క్యాన్సర్లు సరిగ్గా అలాంటివే.

మీరాఖాన్ తర్వాత నెదర్లాండ్స్‌లోని లైడెన్‌కు వెళ్ళి అక్కడే జన్యుశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్నాడు. వార్తిన్ చూసిన లాంటి కుటుంబాలను 1960ల నుంచి అమెరికాలో హెన్రీ లించ్ సేకరిస్తూ వచ్చాడు. పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు తరచుగా వచ్చే ఆ స్థితికి ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అని పేరు. ఏ కుటుంబాన్ని ఆ కోవలో చేర్చాలో దేశానికొక తీరుగా ఉండటంతో 1990లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ బృందం ఒకటి కూర్చుని నియమాలు పెట్టింది. మరుసటి ఏడు అచ్చయిన ఆ వ్యాసంలో వాసెన్, మెక్లిన్, ఖాన్, లించ్ అన్న నాలుగు పేర్లున్నాయి. ఆ ఖాన్ మీరాఖానే. ఆంధ్రలో మేనరికపు వంశవృక్షాలు గీసిన చెయ్యి ప్రపంచమంతటా వంశపారంపర్య పేగు క్యాన్సర్‌ను గుర్తించే నియమాల రచనలోనూ పాలుపంచుకుంది. తెలుగు పత్రికలు ఈ సంగతిని ఎప్పుడూ పెద్దగా చెప్పుకోలేదు.

ఆ నియమాలు చూడ్డానికి తేలిక. ఒక కుటుంబంలో ముగ్గురికి జబ్బు ఉండాలి. వారిలో ఒకరు మిగతా ఇద్దరికీ తోబుట్టువో, తల్లో, తండ్రో, బిడ్డో కావాలి. కనీసం వరసగా రెండు తరాల్లో కనిపించాలి. ఒకరికైనా యాభై ఏళ్ళ లోపు రావాలి. మొదట పెద్దపేగు క్యాన్సర్‌నే లెక్కలోకి తీసుకున్నారు. 1999లో గర్భసంచి, చిన్నపేగు, మూత్రనాళాల క్యాన్సర్లనూ చేర్చారు.

డెల్టాలో దీన్ని అన్వయించి చూస్తే అసలు చిక్కు బయటపడుతుంది. ఉదాహరణకు తెనాలిలో ఒక పెద్దాయనకు అరవయ్యో ఏట పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. రేపల్లెలో ఇచ్చిన ఆయన చెల్లెలికి యాభై రెండో ఏట గర్భసంచి క్యాన్సర్. ఆమె కూతురికి బాపట్లలో నలభై మూడో ఏట మళ్ళీ పెద్దపేగు క్యాన్సర్. నియమాలు పూర్తిగా సరిపోయాయి. కాని ముగ్గురివీ మూడు ఇంటిపేర్లు, మూడు ఊళ్ళు, బహుశా మూడు ఆసుపత్రులు. వంశమంటే మగవాడి ఇంటిపేరు వెంట సాగేదన్న లెక్కలో రేపల్లె చెల్లెలి జబ్బు ఆమె అత్తింటి ఖాతాలో పడుతుంది, లేదా ఏ ఖాతాలోనూ పడదు. జన్యువుకు ఇంటిపేరుతో పని లేదు. లోపమున్న జన్యువు తండ్రి నుంచి కూతురికీ, తల్లి నుంచి కొడుక్కీ సమానంగానే, ప్రతి బిడ్డకూ సగం అవకాశంతో వెళ్తుంది. రొమ్ము క్యాన్సర్ ప్రమాదాన్ని నాన్న వైపు నుంచి తెచ్చుకున్న ఆడపిల్లలు ఎందరో ఉంటారు. "మా అమ్మ వైపు ఎవరికీ లేదు" అన్న ధీమా అక్కడే దెబ్బతింటుంది.

ఇదే ఉదాహరణలో బాపట్ల కూతురి భర్త తెనాలి మేనమామ కొడుకే అనుకుంటే వంశవృక్షం మరోలా ఉంటుంది. వంశవృక్షంలో మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, జబ్బు వచ్చినవారికి నల్లరంగు, పోయినవారికి అడ్డగీత. మామూలు దంపతుల మధ్య ఒక గీత గీస్తే, రక్తసంబంధీకుల మధ్య రెండు గీతలు గీస్తారు. కింది నుంచి చూస్తే కొమ్మలు విడిపోవలసిన చోట మళ్ళీ కలుసుకుంటాయి. భర్తకు తండ్రి నుంచి ఆ లోపం వచ్చి ఉండటానికి సగం అవకాశం. రాకపోతే వాళ్ళ పిల్లలకు ప్రమాదం పరాయి సంబంధంలో ఎంతో అంతే. వచ్చి ఉంటే మాత్రం ప్రతి నలుగురు పిల్లల్లో ఒకరికి రెండు వైపులా లోపం సంక్రమించే వీలుంది. ఆ స్థితిలో మెదడు గడ్డలు, రక్త క్యాన్సర్, పేగు క్యాన్సర్ బాల్యంలోనే రావచ్చు. ఒంటి మీద కాఫీరంగు మచ్చలు దానికొక గుర్తు.

మేనరికం మీద నింద ఎంతవరకు న్యాయమో ఇక్కడ తేలుతుంది. రొమ్ము, అండాశయ, పేగు క్యాన్సర్లకు సంబంధించిన ముఖ్యమైన జన్యులోపాలు బహిర్గతంగా నడిచేవి: ఒక్క ప్రతి చెడితే చాలు, ప్రమాదం పెరుగుతుంది. వాటికి మేనరికం కారణం కాదు. ఫాంకోని రక్తహీనత, జీరోడెర్మా పిగ్మెంటోసమ్ లాంటి అంతర్గత లోపాల్లో మాత్రం రెండు ప్రతులూ చెడాలి. అక్కడ మేనరికం నిజంగానే ప్రమాదాన్ని పెంచుతుంది. ఒక మనిషిలో అరుదైన లోపం ఉంటే అది అతని అక్క కూతురిలో కూడా ఉండటానికి నాలుగింట ఒక వంతు, మేనమామ కూతురిలో ఎనిమిదింట ఒక వంతు అవకాశం. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆడపిల్లలు తిరిగి తెలిసిన ఇళ్ళకే వెళ్ళడం వల్ల, ఇంటిపేరు చెరిపేసిన చరిత్రను మేనరికపు కుటుంబాలు జ్ఞాపకంలో నిలుపుకోగలవు. రేపల్లె అత్త ఏ జబ్బుతో పోయిందో తెనాలి ఇంట్లో తెలియకుండా ఉండదు.

జన్యువులు దొరికింది 1990 తర్వాత. ఆ ఏడు మేరీ-క్లెయిర్ కింగ్ బృందం రొమ్ము క్యాన్సర్ కుటుంబాల వంశవృక్షాలను పరిశీలించి, కారణం 17వ క్రోమోజోము మీద ఉందని చూపింది. హాల్డేన్ వాడిన లెక్కల పద్ధతికి ఇది కొనసాగింపు. 1994లో బీఆర్‌సీఏ1, 1995లో బీఆర్‌సీఏ2 బయటపడ్డాయి. లించ్ సిండ్రోమ్‌కు కారణమైన ఎంఎస్‌హెచ్2 1993లో, ఎంఎల్‌హెచ్1 1994లో దొరికాయి. కాకినాడలో పుట్టిన రాజు కుచ్చెర్లపాటి అమెరికాలో ఎంఎల్‌హెచ్1 లేని ఎలుకలను తయారుచేసిన బృందంలో ఉన్నాడు. బీఆర్‌సీఏ1 లోపమున్న స్త్రీకి ఎనభై ఏళ్ళలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 72 శాతమని, అండాశయ క్యాన్సర్‌కు 44 శాతమని 2017లో ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం లెక్కగట్టింది. ఆ లెక్క ప్రధానంగా పాశ్చాత్య కుటుంబాల నుంచి వచ్చింది.

అందుకే తెలుగువారి జన్యువులను విడిగా చదవవలసి వచ్చింది. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియాలో 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, కులం లోపలే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చాయని తేలింది. ఈ ఊళ్ళలో వ్యాపారాల్లో ఉన్న ఆర్యవైశ్యులు అందుకు బాగా తెలిసిన ఉదాహరణ. వారిలో కొందరికి శస్త్రచికిత్సలో ఇచ్చే ఒక కండరాల సడలింపు మందు మామూలు కన్నా చాలా ఎక్కువసేపు పనిచేస్తుంది. మత్తు డాక్టర్లకు ఇది పాత అనుభవం. ఇది క్యాన్సర్ కాదు. కాని ఒక లోపం మొత్తం కులంలో ఎలా నిలబడిపోతుందో ఇందులో కనిపిస్తుంది. జన్యువుల లెక్కలో మేనరికం చిన్న వలయం, కులం పెద్ద వలయం. సొంత మేనరికం మానుకున్న కుటుంబం కూడా రెండో వలయంలోనే ఉంటుంది. ఈ సంగతి పెళ్ళిళ్ళ చర్చల్లో అరుదుగా వినిపిస్తుంది.

చికిత్స ఇంటికి దగ్గరైంది ఇటీవలే. 2000లో హైదరాబాదులో బసవతారకం ఆసుపత్రి, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాయి. పొన్నూరు దగ్గరి గొల్లమూడిపాడుకు చెందిన నన్నపనేని వెంకయ్య చౌదరి స్థాపించిన నాట్కో సంస్థ విరాళంతో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో క్యాన్సర్ విభాగం 2020లో వచ్చింది. ఇవన్నీ వచ్చిన జబ్బుకు వైద్యం చేసే ఏర్పాట్లు. జబ్బు రాని మనిషికి ప్రమాదం ఉందో లేదో చెప్పే కౌన్సెలింగ్ ఇప్పటికీ పెద్ద నగరాల వ్యవహారమే.

ఈలోగా భయం మరో దారి పట్టింది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 9 శాతం మంది గర్భసంచి తీయించుకున్నారు. దేశంలో ఇంత ఎక్కువ మరెక్కడా లేదు. తెల్లబట్ట అయినా, నడుంనొప్పి అయినా "ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అన్న మాటకు లొంగినవారు వీరిలో చాలామంది. బీఆర్‌సీఏ లోపమున్న స్త్రీకి కావలసింది వేరు: పిల్లలు పుట్టాక, ఏ జన్యువులో లోపముందో బట్టి సాధారణంగా 35 నుంచి 45 ఏళ్ళ మధ్య, అండాశయాలూ అండవాహికలూ తీయించుకోవడం, 25 దాటినప్పటి నుంచి ఏటా రొమ్ము ఎమ్మారై. లించ్ లోపమున్నవారికి పాతికేళ్ళ ప్రాంతం నుంచే ఏడాదికో రెండేళ్ళకో కొలనోస్కోపీ. ఒట్టి గర్భసంచి తీయించుకున్న బీఆర్‌సీఏ స్త్రీకి అండాశయ ప్రమాదం అలాగే ఉంటుంది, పైగా అంతా అయిపోయిందన్న భ్రమ మిగులుతుంది.

పరీక్షకు కొద్దిగా రక్తమో, ఉమ్మో చాలు. ఫలితం మూడు రకాలుగా రావచ్చు: లోపం ఉంది, లేదు, తేడా ఉంది గాని అర్థం తెలియదు. మూడోది భారతీయుల్లో ఎక్కువ. పోల్చి చూసే జన్యుకోశాలు యూరప్ వారితో నిండి ఉండటమే దానికి కారణం. పదివేలమంది భారతీయుల జన్యుక్రమాలు చదవడానికి 2020లో జినోమ్ ఇండియా మొదలైంది, ఆ సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందింది. బీమా విషయంలో జన్యులోపం సాకుగా క్లెయిములు తిరస్కరించరాదని 2018 మార్చిలో నియంత్రణ సంస్థ కంపెనీలను ఆదేశించింది. పెళ్ళిచూపులకు అలాంటి నియంత్రణ సంస్థ లేదు. కూతురి సంబంధం కుదిరేదాకా తన కీమోథెరపీని అల్సరు వైద్యమని చెప్పుకునే తల్లి ఇప్పటికీ అరుదు కాదు. ఆ దాపరికానికి మూల్యం ఆ కూతురే చెల్లించవచ్చు.

కుటుంబంలో ఒకరికి లోపం ఫలానా చోట ఉందని తెలిశాక మిగతావారికి మొత్తం జన్యువులు చదవనక్కర్లేదు, ఆ ఒక్క చోటు చూస్తే చాలు. ఖర్చు చాలా తగ్గుతుంది, అర్థం తెలియని ఫలితాల బెడద ఉండదు. పరీక్షలో లోపం లేదని తేలిన బిడ్డకు ఆ వంశంలో ఎందరికి జబ్బు ఉన్నా ఆ లోపపు ప్రమాదం ఉండదు. అందరికీ ఉండే మామూలు ప్రమాదమే ఉంటుంది. ఆ బిడ్డ తన పిల్లలకు ఆ లోపాన్ని ఇవ్వలేదు కూడా. పరీక్ష ఎవరెవరికి చేయాలో నిర్ణయించేది బంధుత్వం: మొదట తోబుట్టువులు, పిల్లలు, తల్లిదండ్రులు, తర్వాత మేనత్తలు, పిన్నులు, బాబాయిలు, మేనమామలు, వారి బిడ్డలు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకు పెద్ద వయసు క్యాన్సర్ల జన్యుపరీక్ష సాధారణంగా చేయరు, తేల్చుకునే హక్కు వాళ్ళకే వదిలేస్తారు.